సోలార్ సదస్సులో కలిసినవాళ్లు లింక్డ్‌ఇన్‌లో పలకడం లేదన్నారు కదా, దానికి సమాధానం

కారణం చాలావరకు మీరు నోట్ లేకుండా పంపిన ఖాళీ కనెక్షన్ రిక్వెస్టే. కర్నూలు సదస్సులో ఆ రోజు మీరు కలిసిన మనిషి చేతికి బోలెడు విజిటింగ్ కార్డులు వచ్చి ఉంటాయి. ఫొటో, పేరు చూసినంత మాత్రాన మీరెవరో గుర్తు రాదు.

1. రిక్వెస్ట్‌తోపాటు నోట్ రాయండి. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే ఇస్తారు. నిజంగా మాట్లాడినవాళ్లకే వాడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: హాల్లోంచి బయటికి రాగానే, బస్సెక్కేలోపే, ఆయనతో నడిచిన మాట ఒకటి కార్డు వెనక రాసుకోండి. మర్నాటికి ఎవరేమన్నారో కలగాపులగం అయిపోతుంది. నోట్ ఆ మాటతోనే మొదలవ్వాలి:

"సార్, నిన్న టీ దగ్గర గని-శకునాల సోలార్ పార్కులో ప్యానెళ్ల మీద దుమ్ము గురించి చెప్పారు. నీళ్లు లేకుండా తుడిచే పద్ధతి గురించి ఎక్కడ చదవచ్చు?"

రెండు నిమిషాల్లో జవాబివ్వగల ప్రశ్న, అదీ ఒక్కటే. దయచేసి మొదటి మెసేజ్‌లోనే రెజ్యూమె పెట్టొద్దు. ఉద్యోగం కోసమే పలకరించారనుకుంటే మనిషి వెనక్కి తగ్గుతాడు.

3. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, చాలు.

4. పెండింగ్‌లో ఉన్న పాత రిక్వెస్టులను విత్‌డ్రా చేయకండి. చేస్తే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాలి. దానికి బదులు ఇలాంటి నోట్‌నే కార్డు మీదున్న మెయిల్‌కి ఈరోజే పంపండి.