బంగారం కుదువబెట్టి చుక్కలు చూడొద్దు సారూ

దేవరకొండ దగ్గర్నుంచి ఒక ఫిజిక్స్ లెక్చరర్ రాశారు. ప్రైవేటు జూనియర్ కాలేజీ, జీతం 45 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు, ఇద్దరు పిల్లలు, షుగరున్న తల్లి. 8 అంగుళాల టెలిస్కోపు ఇప్పటికే కొన్నారు. రోజూ దాన్ని పెరట్లోకి మోసుకొచ్చి ధ్రువ నక్షత్రానికి సరిచేసుకునేసరికే గంట పోతోందట. అందుకని పైకప్పు పట్టాల మీద పక్కకు జరిగే చిన్న గది కట్టాలనుకుంటున్నారు. అంచనా మూడున్నర లక్షలు: బంగారం మీద 2 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర. "రిస్కేమీ లేదు కదా సార్?" అని అడిగారు.

ఉంది. అదీ మీ ఉత్తరంలోనే ఉంది. "బ్యాంకులో 46 వేలే ఉన్నా, ఆపదొస్తే బంగారం ఉందిగా" అని ఒక చోట రాశారు, నాలుగు లైన్ల కింద అదే బంగారాన్ని గది కోసం కుదువబెడతానన్నారు. మరి రేపు అమ్మను రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకుపోవాల్సి వస్తే ఏం కుదువబెడతారు, టెలిస్కోపా? మీ ఒక్కరినే అనడం లేదు, నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. బోరుకో, కారుకో, బిడ్డ ఫంక్షన్‌కో నగలు బ్యాంకులో ఉంటాయి, అయినా మనసులో మాత్రం "బంగారం ఉంది" అనే ధీమా అలాగే ఉంటుంది.

పైగా ఏప్రిల్, మే జీతం రాదని మీరే రాశారు. అంటే ఏడాదికి వచ్చే జీతం 4,50,000, ఖర్చు 3,84,000. మిగిలేది 66 వేలు, అందులో నెలకు 5 వేల చొప్పున 60 వేలు చిట్టీకే పోతోంది. చేతిలో 6 వేలు. లక్షన్నరకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు, అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా. ఏ లెక్కల సారుకు చూపించినా నవ్వుతారు. పిల్లలకు శనిగ్రహం చూపించి టికెట్టు పెడితే అప్పు తీరుతుందన్నారు చూడండి, అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర ఆకాశమే సరిగా కనబడదు, అప్పిచ్చినాయన మాత్రం ఒకటో తారీఖుకి ఠంచనుగా కనబడతాడు.

నిజానికి మీ పిచ్చి నాకు అర్థమవుతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వచ్చారు, మా నాయన మాత్రం మమ్మల్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. ఆ బాధ ఇంకా ఉంది. అయినా వద్దనే అంటాను.

ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 1,92,000, ఆపద నిధిగా పక్కన పెట్టండి. ఇప్పుడున్న 46 వేలను ముట్టుకోవద్దు. ఇంకా 9 నెలలున్న ఆ లక్ష రూపాయల చిట్టీని గది కోసం ఇప్పుడే పాడి ఎత్తుకోవద్దు, చివరిదాకా ఆగితే కోత తగ్గుతుంది. అది చేతికొచ్చాక కూడా అదే 5 వేలు నెలనెలా ఆర్‌డీలో వేస్తూ పోతే మొత్తం మీద ఏడాదిన్నరలో పని అయిపోతుంది. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు కదా అంటారేమో. మంచిదే, కానీ మీరు సెలవు పెట్టి ఆస్పత్రిలో కూర్చున్న నెల కాలేజీవాళ్లు కోసే జీతం ఆరోగ్యశ్రీ ఇవ్వదు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, లేదన్నారు, ఈ నెలే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ సంగతి తర్వాత.

మరి టెలిస్కోపు? మీ అంచనా కాగితం మళ్లీ చూడండి. గోడలు 1,10,000, పట్టాలు, రేకులు, ఇనుప పని 1,40,000, వైరింగ్, ఇన్వర్టర్, కెమెరా 86 వేలు. టెలిస్కోపు నిలబడే కాంక్రీటు దిమ్మె మాత్రం 14 వేలే. మీకు పోతున్న ఆ గంటలో చాలా భాగాన్ని మిగిల్చేది ఆ దిమ్మే, మిగతాదాంట్లో ఎక్కువభాగం ఎండావానల నుంచి, కోతుల నుంచి కాపాడటానికి. ఈ వేసవి ట్యూషన్ డబ్బుతో దిమ్మె ఒక్కటి పోయించండి, టెలిస్కోపును ఇంట్లోంచి తెచ్చి దాని మీద బిగించుకోండి. చుట్టూ తర్వాత ఫ్లోరింగ్ వేసినా దిమ్మెకు తగలకుండా సందు వదలమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి, లేకపోతే మీరు అడుగు వేసినప్పుడల్లా చంద్రుడు వణుకుతాడు. గోడలు, రేకులు నిధి నిండాక, అప్పు లేకుండా.

ఒక్క మాట, గుంట తవ్వించే ముందు ఉత్తరం వైపు ఇంటివాళ్లు మేడ వేసే ఆలోచనలో ఉన్నారేమో కనుక్కోండి. మన దగ్గర ధ్రువ నక్షత్రం దాదాపు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, వాళ్లు ఒక్క అంతస్తు లేపినా మీకు కనబడదు.