కర్ర లోడుకు ఎర్రగుడ్డ కడితే సరిపోతుందా?

ప్రశ్న: సార్, మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పది టైర్ల లారీ. కందుకూరు చుట్టుపక్కల తోటల నుంచి రాజమండ్రి పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర తోలుతున్నాం. మొన్న ఓ గతుకు దగ్గర పైవరస కర్రలు నాలుగు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. వెనక బైకు మీద వస్తున్నాయన బండి పక్కకు తిప్పేశాడు కాబట్టి బతికిపోయాం. మోకులు గట్టిగానే కట్టానని డ్రైవరు ఒట్టేసి చెబుతున్నాడు. తప్పెక్కడుంది? వెనక్కి పొడుచుకొచ్చే కర్రకు ఎర్రగుడ్డ కడితే రూలు ప్రకారం సరిపోతుందా?
– ఓ లారీ ఓనరు, కందుకూరు

జవాబు: మీ డ్రైవరు అబద్ధం చెప్పి ఉండడు. తోటలో కట్టినప్పుడు మోకు గట్టిగానే ఉంటుంది, కానీ మట్టిబాట మీద నాలుగు కుదుపులు తగిలేసరికి కర్రలు ఒకదాని సందులోకి ఒకటి సర్దుకుని లోడు కిందికి దిగుతుంది, మోకు మాత్రం కట్టినంత పొడవే ఉంటుంది, కొత్త నైలాన్ మోకైతే ఇంకాస్త సాగుతుంది కూడా. అందుకే తారురోడ్డు ఎక్కగానే ఆపి బిగించాలి. కాటా దగ్గర ఎలాగూ ఆగుతారు, అక్కడ ఇంకోసారి. అమెరికాలో అయితే బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపు, అంటే 80 కిలోమీటర్లలోపు డ్రైవరు ఆగి కట్లు చూసుకోవాలని రూలే ఉంది. మన బాటలకు అంతదూరం ఎక్కువే, నన్నడిగితే ఐదారు కిలోమీటర్లకే దిగి చూడమంటాను.

అయితే మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానమంతా పేర్చడం మీదే. మోకు చేసే పనల్లా కర్రల్ని కిందికి అదిమి పట్టడం, జారకుండా ఆపేది వాటి మధ్య రాపిడి. పైవరస బల్లపరుపుగా పేరిస్తే మోకు రెండు అంచుల్నే నొక్కుతుంది, నడిమి కర్రలు ఏ ఆధారం లేకుండా వదులుగా ఉండిపోతాయి, గతుకు రాగానే ఎగిరేవి అవే. నడుమ కాస్త గూనిలా ఎత్తు రావాలి, అంచు కర్రలు లారీ పక్కల నిలబెట్టిన గుంజల తల కంటే కిందే ఉండాలి, ప్రతి అంచు కర్రా కనీసం రెండు గుంజలకు ఆనాలి. పొట్టి ముక్కల్ని పైకి విసిరేయకండి, అడుగున వేయండి. బెరడు తీసిన జామాయిల్ వానకు తడిస్తే సబ్బుబిళ్లే, ఆ రోజు ఓ మోకు ఎక్కువ వేసుకోండి.

ఇక ఎర్రగుడ్డ. అది కట్టినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్‌లో, లోడు ముందుకో వెనక్కో పక్కలకో హద్దు దాటినా, ఎత్తు మించినా 20 వేల జరిమానా అని రాశారు, ఆ ఎక్కువ సరుకు దించే ఖర్చూ మీదే. ఓవర్‌లోడుకు వేరే 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు. 2018 నుంచి మీలాంటి పది టైర్ల, అంటే మూడు యాక్సిళ్ల బండికి లోడుతో కలిపి మొత్తం బరువు 28.5 టన్నులకు పెంచారు గానీ మీది పాత బండి, కాబట్టి ఆర్సీలో ఎంత రాసి ఉందో అదే లెక్క.

మీరు అడగలేదు గానీ ఇంకోటి. మిల్లు దగ్గర మోకు విప్పేటప్పుడు దారిపొడవునా జరిగిన కర్రలు ఆ మోకు మీదే ఆని ఉంటాయి. ముందు చుట్టూ తిరిగి లోడు ఏ పక్కకు ఒరిగిందో చూడండి, ఆ పక్కన ఎవర్నీ నిలబడనివ్వకండి, క్లీనరు కుర్రాణ్ణి పైకెక్కించి ముడి విప్పమని మాత్రం అనకండి.