అమ్మానాన్నలు, చిన్న పిల్లాడితో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌ని కారులో ఏడు రోజుల్లో చుట్టి రాగలమా?

మీరు అడిగింది రెండు విషయాలు. అరవై దాటిన అమ్మానాన్నల్ని, ఐదేళ్ల బాబుని వెంటబెట్టుకుని ఏడు రోజుల్లో సౌత్ ఐలాండ్ మొత్తం చూడగలమా, అక్కడ డ్రైవింగ్ మనవాళ్లకి కష్టమా అని. డ్రైవింగ్ కష్టం కాదు. ఏడు రోజుల్లో మొత్తం చుట్టడం మాత్రం పెట్టుకోకండి. మేం 2023 డిసెంబరులో అమ్మ, నాన్న, మా ఆవిడ, ఆరేళ్ల పాపతో కలిసి పది రోజులు తిరిగాం. పది రోజులున్నా ఒక రోజు లెక్క తప్పి అందరం ఇబ్బంది పడ్డాం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ముందు రోడ్డు సంగతి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. మన లైసెన్సు కార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి అదే చాలు. ఊరు దాటాక పరిమితి గంటకి 100 కిలోమీటర్లు, కానీ చాలాచోట్ల అటొక లేన్, ఇటొక లేన్ మాత్రమే, పైగా కొండ మలుపులు, అందుకని మ్యాపు మూడు గంటలంటే పెద్దవాళ్లతో నాలుగున్నర వేసుకోండి. వెనకాల కార్లు చేరితే పక్కకి తీసి దారి ఇవ్వండి, హారన్ కొట్టేవాళ్లు మాకు ఒక్కరూ కనపడలేదు. ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, కారు బుక్ చేసేటప్పుడే అడగాలి.

మనకి అలవాటు లేనిది ఒకే లేన్ ఉండే వంతెన. గుండ్రటి బోర్డు మీద మన దిక్కుకి చిన్న ఎర్ర బాణం ఉంటే మనం ఆగి ఎదుటివాళ్లని రానివ్వాలి. నీలం బోర్డు మీద మన దిక్కుకి పెద్ద తెల్ల బాణం ఉంటే మనది ముందు, అయినా అటు చూసుకునే ఎక్కాలి. నాన్న ముందు సీట్లో కూర్చుని ప్రతి వంతెన దగ్గరా "ఎర్రది, ఆపు" అనో "మనదే, పోనీ" అనో చెప్పేవారు. హాస్ట్ నది మీద వంతెన దాదాపు ముప్పావు కిలోమీటరు, అదీ ఒకే లేన్, మధ్యలో తప్పుకోవడానికి జాగాలు ఉంటాయి. అక్కడ నాన్న చెప్పకపోతే నాకు నిజంగా టెన్షన్ వచ్చేది.

మేం క్రైస్ట్‌చర్చ్‌లో దిగి టెకాపో అనే సరస్సు ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం. అక్కడి నుంచి మౌంట్ కుక్ వైపు వెళ్తుంటే పుకాకి సరస్సు వస్తుంది. ఆ నీళ్ల రంగు ఫోటోల్లో చూసి ఎడిటింగ్ అనుకున్నాను, కాదు. హిమానీనదాలు కొండరాళ్లని నూరిన మెత్తటి పొడి నీళ్లలో తేలుతూ ఉంటుంది, దాని మీద వెలుగు పడి నీలంలో పాలు కలిపినట్టు కనిపిస్తుంది. ఆ సరస్సు చివర మౌంట్ కుక్, 3,724 మీటర్ల మంచుకొండ. అమ్మ కారు ఆపమంది. దిగి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, గాలికి కళ్లు చికిలిస్తూ పది నిమిషాలు అలా నిలబడింది, ఒక్క మాట లేదు. ఇంట్లో పదకొండు గంటలకే మోకాళ్లు నొప్పంటూ కూర్చునే మనిషి. ప్లానులో ఆ పది నిమిషాలు ఎక్కడా లేవు. అలాంటి వాటికి చోటు ఉంచండి, రోజుకి రెండు వందల యాభై కిలోమీటర్ల దగ్గర ఆపేయండి.

మేం చేసిన తప్పు మిల్ఫోర్డ్ సౌండ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. క్వీన్స్‌టౌన్ నుంచి పోను దాదాపు 290 కిలోమీటర్లు, రాను అంతే, ఒకే రోజులో పెట్టేశాం. పొద్దున ఐదున్నరకి బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది, ఎండాకాలం కాబట్టి ఇంకా వెలుగుంది, అదొక్కటే మేలు. పాపకి మలుపుల్లో రెండుసార్లు వాంతి అయింది, నాన్నకి కాళ్లు వాచాయి. ఆ రోజంతా నా మీద నాకే కోపం. మీరు దారిలో వచ్చే టె అనావు ఊళ్లో కనీసం ఒక రాత్రి ఉండండి, అక్కడి నుంచి 120 కిలోమీటర్లే. పెట్రోలు అక్కడే నింపుకోండి, ఆ తర్వాత దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు.

అంత అలసటలోనూ ఆ దారి మాత్రం మరిచిపోలేను. హోమర్ టన్నెల్ ముందు సిగ్నల్ పడి ఆగితే ఆకుపచ్చ కెయా చిలుక ఒకటి మా అద్దం మీద వాలి డోరు రబ్బరు పీకడం మొదలుపెట్టింది, పాప ఊపిరి బిగబట్టి చూసింది. వాటికి తిండి పెట్టకూడదు, పిల్లలకి ముందే చెప్పండి. నాన్న ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరయ్యారు, ఆయన చూపంతా సొరంగం గోడల మీదే. 1935లో ఐదుగురు మనుషులు పారలూ గునపాలతో మొదలుపెట్టిన పని, 1954కి గానీ బళ్లు తిరగలేదు. చెక్కిన రాయి అలాగే కనిపిస్తుంది, 1.2 కిలోమీటర్లు, లోపలంతా ఏటవాలు. దాటాక వాన మొదలైంది. వానని చూసి మిల్ఫోర్డ్ మానుకోకండి, అక్కడ ఏడాదికి ఆరు మీటర్ల పైన కురుస్తుంది, వాన పడితేనే కొండల నిండా ఎక్కడపడితే అక్కడ జలపాతాలు దూకుతాయి.

తిండికి వంటగది ఉన్న మోటళ్లు తీసుకోండి. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లాం, బియ్యం, పెరుగు సూపర్ మార్కెట్లో దొరికాయి. పచ్చళ్లు, పొడులు ఫ్యాక్టరీ సీలు ఉన్నవే తీసుకెళ్లి విమానంలో ఇచ్చిన కార్డు మీద అన్నీ రాశాం, అధికారి చూసి వదిలేశారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె వద్దు, బూట్లకి మట్టి లేకుండా కడగండి. వనాకా ఊరు దాటాక పశ్చిమ తీరంలో పెద్ద దుకాణాలు తక్కువ, సరుకులు ముందే కొనండి, దోమల మందు కూడా, అక్కడి సాండ్‌ఫ్లైలు అనే చిన్న ఈగలు పిల్లల్ని బాగా కుడతాయి. కారుకి పూర్తి ఇన్సూరెన్సు తీసుకోండి, అద్దానికి చిన్న రాయి తగిలినందుకు మా దగ్గర బాగానే వసూలు చేశారు.

మీకు ఏడు రోజులే అంటే పశ్చిమ తీరం వదిలేయండి. టెకాపో రెండు రాత్రులు, క్వీన్స్‌టౌన్ రెండు, టె అనావు రెండు, మళ్లీ క్వీన్స్‌టౌన్‌కి వచ్చి కారు అక్కడే ఇచ్చేసి విమానం ఎక్కండి. వేరే ఊళ్లో కారు ఇస్తే అదనంగా కొంత తీసుకోవచ్చు, ఇవ్వండి, క్రైస్ట్‌చర్చ్ దాకా వెనక్కి నడిపే రోజు అమ్మానాన్నలకి మిగులుతుంది.