లాడ్జీ ఆయన తెచ్చిచ్చిన పదిహేను వేలు

చిరంజీవి అల్లుడికి, చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు.

కరోనాలో మూతపడ్డ లాడ్జీ ఆయన ఉన్నట్టుండి తిరుపతిలో నీ దుప్పట్ల అంగడికొచ్చి 38,000 బాకీలో 15,000 చేతిలో పెట్టాడన్నావే, దాన్ని ఏ పద్దులో రాయాలని అడిగావు. ఫోన్లో చెప్తే సగమే వింటావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒకటి చూసుకో. ఆ బాకీని ఇక రాదని పుస్తకంలో కొట్టేశావా, లేక మనసులోనే నీళ్లొదులుకున్నావా? పుస్తకంలో ఇంకా ఆయన పేరు మీదే ఉంటే చిక్కే లేదు, ఆయన ఖాతాకే జమ చేసెయ్.

నేను బెల్లం మండీలో లెక్కలు రాసేటప్పుడు మా సావుకారు రానిబాకీ అనే మాటే రాయనిచ్చేవాడు కాదు. రాస్తే నిజంగానే రాకుండా పోతుందని ఆయన భయం. పోయినోళ్ల పేర్లు కూడా ఏటా కొత్త ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి మోసేవాణ్ని. కాగితం మీద లక్షలు, గల్లాలో హమాలీ కూలికి చిల్లర ఉండేది కాదు. పైగా ఆ రాని డబ్బును లాభంలో కలిపి చూపించి పన్ను కట్టేవాళ్లం!

కొట్టేయడమంటే రానిబాకీల ఖాతాకు డెబిట్ (ఎడమ వైపు రాయడం), బాకీ పడ్డ పార్టీ ఖాతాకు క్రెడిట్ (కుడి వైపు, అంటే జమ). అంతే. అది మాఫీ కాదు, ఆయనకు చెప్పాల్సిన పనీ లేదు. 1989 ఏప్రిల్‌కు ముందైతే బాకీ నిజంగా మునిగిందని ఆదాయపు పన్నువాళ్లకు రుజువు చూపించాలి. ఆ తర్వాత పుస్తకంలో కొట్టేస్తే చాలు, 2010లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. కానీ ఆ మొత్తం ఇంతకుముందు నీ అమ్మకాల్లో ఆదాయంగా లెక్కకొచ్చి ఉండాలి. స్నేహితుడికిచ్చిన చేబదులు ఇందులోకి రాదు. వస్తాయో రావో అని ముందుజాగ్రత్తగా పక్కన పెట్టే కేటాయింపు మంచి అలవాటే, మార్చి ఆఖరులో మూణ్నెల్లవి, ఏడాది దాటినవి విడదీసి పెట్టుకో. దానికి మాత్రం పన్ను తగ్గదు. జీఎస్టీ సంగతి ఇంకా చేదు: పార్టీ ఎగ్గొట్టాడని నువ్వు కట్టింది వెనక్కి రాదు.

ఇప్పుడు నీ పదిహేను వేలు. బాకీ కొట్టేసి ఉంటే, నగదుకు డెబిట్, ‘వసూలైన రానిబాకీలు’ అనే ఖాతాకు క్రెడిట్. ఆయన ఖాతాకు క్రెడిట్ చేస్తే, నువ్వే ఆయనకు పదిహేను వేలు బాకీ ఉన్నట్టు చూపిస్తుంది. మండీలో నేను ఒకసారి ఈ పొరపాటే చేసి, తేడా దొరక్క రెండు రాత్రులు కూర్చున్నా. కొట్టేసిన ఏడు 38,000 మొత్తానికీ పన్నులో మినహాయింపు తీసుకుని ఉంటే, ఈ 15,000 ఈ ఏటి ఆదాయం. అప్పుడు మినహాయింపు అడక్కపోయుంటే దీని మీద పన్ను లేదు. పాత రిటర్ను తీసి చూడు. జేబులో వేసుకుందామనే ఆలోచన వద్దు, ఆయన లెక్కల్లో అది చెల్లింపుగా కనిపిస్తుంది.

మిగిలిన 23,000 సంగతే నాకు ఎక్కువ పట్టింది. సరుకు బాకీకి దావా వేయడానికి గడువు మూడేళ్లు. అది దాటాక పదో పరకో ఇచ్చినంత మాత్రాన గడువు మళ్లీ మొదలవదు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక దారి ఉంది: గడువు తీరిన బాకీని కూడా ఇస్తానని రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుంది. ‘బాకీ ఉన్నమాట నిజమే’ అని రాస్తే చాలదు, ‘ఇస్తాను’ అని ఉండాలి. తనంతట తానే వచ్చి ఇచ్చిన మనిషి, అడిగితే కాదనడు. మర్యాదగా అడుగు, కాఫీ తాగించి అడుగు. లాడ్జీ మళ్లీ తెరిస్తే దుప్పట్లు మాత్రం కొన్నాళ్లు నగదుకే ఇవ్వు.

శనివారం వస్తున్నా. ఆ ఏటి ఆవర్జా ప్రింటు తీసిపెట్టు, కంప్యూటర్ తెర మీద నాకు కళ్లు ఆనవు.

నీ మామ