హెడ్ క్రాక్ అయితే వెల్డింగా, కొత్తదా? రెండూ చేయించినవాడి మాట

"ఇంజన్ వేడెక్కి సిలిండర్ హెడ్‌కి క్రాక్ వచ్చింది, మెకానిక్ వెల్డింగ్ చాలంటున్నాడు, నమ్మొచ్చా, లేక హెడ్ మార్పించాలా?" అన్నది మీ ప్రశ్న. హెడ్ అంటే ఇంజన్ సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం, వాల్వులు ఉండేది అందులోనే. నేను ఒకే బండికి నాలుగు నెలల తేడాతో ఈ రెండూ చేయించాను, కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు గట్టిగానే ఉంది.

నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, అల్యూమినియం హెడ్. పది రోజులకోసారి రేడియేటర్‌లో నీళ్లు తగ్గేవి, కింద చూస్తే చుక్క కూడా ఉండేది కాదు. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ. చలికి అలా వస్తుందిలే అనుకుని బాటిల్‌తో నీళ్లు పోసుకుంటూ తిరిగాను. ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది, గుండె ఆగినంత పనైంది, అంతలోనే ముల్లు తనంతట తానే కిందికి దిగింది. హమ్మయ్య, చల్లబడింది అనుకుని ఇంకాస్త దూరం తోలాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. చల్లబడలేదు, నీళ్లే అయిపోయాయి. వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది, నీళ్లు పోయి గాలి తగిలితే అది ఏం చూపిస్తే అదే. అందుకే నాకు ఆ ముల్లు మీద ఇప్పటికీ నమ్మకం లేదు, కొన్ని కొత్త బండ్లలో అయితే అదీ తీసేసి ఒక దీపం పెట్టారు, అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

హెడ్ దించి లేత్ షాపుకి తీసుకెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. నీళ్లు పారే దారులన్నిటికీ రబ్బరు షీట్లు పెట్టి, పైన ఇనప పలకలు బిగించి, లోపలికి గాలి ఎక్కించి తొట్టిలో ముంచారు. ఏమీ లేదు. ఒక్క బుడగ రాలేదు. మా మెకానిక్ "చూశారా సార్, హెడ్ బాగానే ఉంది, గాస్కెటే పోయింది" అన్నాడు, అంటే హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య పెట్టే పలచటి రేకు. షాపాయన మాత్రం "ఆగు బాబూ, ఇంకా నీళ్లు వేడెక్కలేదు" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఓ అరగంట తర్వాత, నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడయ్యాక, మూడో సిలిండర్ దగ్గర ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకీ (పొగ బయటికి పోయే వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే చోటు) స్పార్క్ ప్లగ్ రంధ్రానికీ మధ్య నుంచి చిన్న బుడగ ఒకటి లేచింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత వరసగా. ఆ గీత కంటికి వెంట్రుకలా కూడా కనిపించలేదు, లోహం వేడికి సాగితేనే నోరు తెరిచింది. చన్నీళ్లలో ముంచి "ఓకే" అనేవాళ్ల దగ్గర టెస్ట్ చేయించడం శుద్ధ దండగ.

సరే, టిగ్ వెల్డింగ్ (అల్యూమినియంకి వాడే ఒక రకం కరెంటు వెల్డింగ్) చేయించారు, వాల్వ్ సీట్లు మళ్లీ కోయించారు, ఫేసింగ్ కొట్టించారు, అంటే హెడ్ కింది ముఖాన్ని కాస్త గీసి చదును చేయించారు. కొత్త హెడ్‌తో పోలిస్తే సగం ఖర్చు కూడా కాలేదని సంబరపడ్డాను. నాలుగు నెలలకి మళ్లీ తెల్లపొగ. ఈసారి క్రాక్ వెల్డింగ్ మీద కాదు, దానికి వేలెడు దూరంలో. ఈ హెడ్లని ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ చేసి గట్టిపరుస్తారు, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల గట్టిదనం పోతుంది అని షాపాయన అప్పుడు చెప్పాడు. మొదటిసారే చెప్పి ఉండొచ్చు కదా! ఇక లాభం లేదని ఈసారి హెడ్డే మార్పించాను.

కానీ అసలు దోషి హెడ్ కాదు, రేడియేటర్. ఏళ్ల తరబడి కూలెంట్ (రేడియేటర్‌లో పోయాల్సిన ద్రవం) మానేసి కుళాయి నీళ్లు పోసినందుకు లోపల గార పట్టి సగం గొట్టాలు మూసుకుపోయాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ అంచులు కాలిపోతున్నాయి, మధ్యలో చెయ్యి పెడితే చల్లగా ఉంది. రెండుసార్లు హెడ్ దించిన మెకానిక్ ఒక్కసారి కూడా అక్కడ చెయ్యి పెట్టి చూడలేదు. పైగా మొదటిసారి పాత హెడ్ బోల్టులే బిగించాడు. చాలా ఇంజన్లలో ఆ బోల్టులు బిగించేటప్పుడే సాగేలా చేసినవి, ఒకసారి వాడాక పారేయాల్సిందే.

ఇక మీ సంగతి. అల్యూమినియం హెడ్, క్రాక్ పేలుడు జరిగే గదిలో ఉంటే మార్పించండి, ఇందులో రెండో మాట లేదు. వెల్డింగ్ చేసి ఏళ్లు తిప్పుతున్నాం అనేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. క్రాక్ బయటివైపు, నీటి దారి మూలలో ఉంటే మాత్రం మంచి చేతిలో వెల్డింగ్ నిలుస్తుంది. పోత ఇనుము హెడ్ అయితే లెక్క వేరు. దాన్ని మొత్తం కాల్చి వెల్డ్ చేసి మెల్లగా చల్లార్చాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు, దానికంటే క్రాక్ పొడవునా మరలు బిగించి కుట్టినట్టు మూసే పద్ధతి మేలు. కొన్ని డీజిల్ ఇంజన్లలో రెండు వాల్వ్ సీట్ల మధ్య సన్నటి క్రాక్ ఫలానా వెడల్పు లోపు ఉంటే అలాగే వాడుకోవచ్చని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంటుంది. అది చూడకుండా హెడ్ మార్పించినా డబ్బు దండగే.

ఫేసింగ్ కొట్టిస్తే ముందూ తర్వాతా మందం ఎంతో కొలిచి కాగితం మీద రాయించుకోండి. "కొంచెమే తీశాం సార్" అంటారు, కొంచెం అంటే ఎంత? వేడికి హెడ్ వంగిన వంపుకి మాన్యువల్ ఒప్పుకునే హద్దు 0.05, 0.1 మిల్లీమీటర్ల లాంటి అంకెల్లో ఉంటుంది. మందం హద్దు దాటి తగ్గితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) పెరుగుతుంది, వాల్వ్ పిస్టన్‌కి దగ్గరవుతుంది, ఆ హెడ్ ఇక దేనికీ పనికిరాదు. సెకండ్ హ్యాండ్ హెడ్ తెచ్చుకునేటట్టయితే డబ్బు ఇవ్వకముందే వేడినీళ్ల తొట్టిలో ముంచి చూపించమనండి. ఎవరో ఏదో కారణంగానే దాన్ని దించి ఉంటారు కదా.

మీది ఇనుమో అల్యూమినియమో, క్రాక్ ఏ వైపు ఉందో మీరు రాయలేదు. హెడ్‌కి అయస్కాంతం అంటించి చూడండి, అంటుకుంటే ఇనుము. క్రాక్ ఫోటో పెట్టండి. ఈలోపు రేడియేటర్ దించి ఒక గొట్టంలోంచి నీళ్లు పోసి రెండో వైపు ఎంత ధారగా వస్తుందో చూసి అది కూడా రాయండి, అది తెలియకుండా నేను హెడ్ గురించి ఇంకేమీ చెప్పను.