రీబూట్ అయ్యాక డీమెసేజ్‌లో పాత ఎర్రర్లు కనిపించవు, మరి ఎక్కడ చూడాలి?

రాత్రిళ్లు మీ లినక్స్ సర్వర్ దానంతటదే రీబూట్ అవుతోందనీ, పొద్దున డీమెసేజ్ కొట్టి చూస్తే ఒక్క ఎర్రరూ లేదనీ రాశారు. ఉండదండీ. డీమెసేజ్ కమాండ్ చూపించేది కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మెమరీలో ఉండే రింగ్ బఫర్‌ని, అంటే నిండితే పాత మెసేజ్‌ల మీదే కొత్తవి రాసుకునే చోటుని. రీబూట్‌తో అది తుడిచిపెట్టుకుపోతుంది, మీరు చూస్తున్నవన్నీ కొత్త బూట్ మెసేజ్‌లే.

సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రాం) ఉన్న మెషిన్ అయితే ముందు దాని లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌ని -బి -1 తో నడపండి, అంతకుముందు బూట్ లాగ్ వస్తుంది. -పి 3 కూడా తగిలిస్తే ఎర్రర్లు, అంతకన్నా తీవ్రమైనవి మాత్రమే మిగులుతాయి. 0 నుంచి 7 దాకా ఉండే స్థాయిల్లో నంబరు ఎంత చిన్నదైతే గొడవ అంత పెద్దది. పాత బూటే దొరకలేదంటే /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ ఉందో లేదో చూడండి. అది లేకపోతే మామూలు సెట్టింగ్‌లో జర్నల్ /రన్ కింద, అంటే ర్యామ్‌లోనే ఉంటుంది. డైరెక్టరీ పెట్టి, ఆ లాగ్ రాసే జర్నల్‌డీ సర్వీసుని రీస్టార్ట్ చేయండి, ఇకపై జరిగేవైనా మిగులుతాయి.

ఇంతా చేసినా లాగ్ మధ్యలో టక్కున ఆగిపోయి ఉండొచ్చు. మా ఫైల్ సర్వర్‌కి అదే జరిగింది. అందరం యూపీఎస్‌ని తిట్టుకున్నాం. చివరికి నెట్‌కన్సోల్ పెట్టాను. ఇది కెర్నల్ మాడ్యూలే; మెసేజ్‌లను డిస్క్ జోలికి పోకుండా యూడీపీలో, అంటే నెట్‌వర్క్ మీదుగా, పక్క మెషిన్‌కి పంపేస్తుంది, మామూలుగా 6666 పోర్ట్‌కి. మళ్లీ హ్యాంగ్ అయినప్పుడు పక్క మెషిన్ స్క్రీన్ నిండా ఎస్‌డీఏ డిస్క్ ఐఓ (చదవడం, రాయడం) ఎర్రర్లు, వాటి కింద ఫైల్‌సిస్టమ్‌ని రీడ్-ఓన్లీగా మార్చేస్తున్నానన్న లైను. లాగ్ రాసుకోవాల్సిన డిస్కే పోతే ఇంకెక్కడ రాస్తుంది, పాపం!

నెట్‌కన్సోల్ పెట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు. వైఫై మీద ఆశ పెట్టుకోకండి, కేబుల్ ఉండాలి. కన్సోల్ లాగ్ స్థాయి (ఏ తీవ్రత దాకా మెసేజ్‌లు బయటికి పంపాలో చెప్పే నంబరు) తక్కువగా ఉంటే సగం మెసేజ్‌లు రావు, డీమెసేజ్ -ఎన్ 8 తో పెంచండి. మెసేజ్‌లు మామూలు టెక్స్ట్‌గా వెళ్తాయి కాబట్టి లోపలి నెట్‌వర్క్ దాటనివ్వకండి.

నెట్‌కన్సోల్‌లోనూ ఏమీ పడకుండా రీబూట్ అయిందంటే నేనైతే పవర్, హార్డ్‌వేర్ వైపు చూస్తాను. మీ సర్వర్‌లో బీఎంసీ (హార్డ్‌వేర్‌ని విడిగా గమనించే చిన్న చిప్) ఉంటే, దాని ఈవెంట్ లాగ్ చూపించే ఐపీఎంఐటూల్ సెల్ లిస్ట్ కమాండ్ కొట్టి, రీబూట్ టైముకి దగ్గరగా ఏం నమోదైందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.