నాలుగు నెలల పరిచయమని రాయడానికి భయపడకండి

ప్రశ్న: మాది బరంపురం. మూడు తరాలుగా గంజాం జిల్లాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నా వయసు 29. ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. పెళ్లిసంబంధాల వెబ్‌సైటు ద్వారా రాయగడ సంబంధం కుదిరింది. ఆయన టొరంటో దగ్గర ఉద్యోగం చేస్తున్నారు. నాలుగు నెలలు ఫోనులో మాట్లాడుకున్నాం. ఆయన పెళ్లికి నాలుగు రోజుల ముందు వచ్చి, పెళ్లయ్యాక పన్నెండు రోజులుండి వెళ్లిపోయారు. ఆయనకు ఇది రెండో పెళ్లి. విడాకులు అయిపోయాయని మాకు ముందే చెప్పారు. అయితే మొదటి భార్య స్పాన్సర్ చేయడం వల్లే ఆయనకు కెనడాలో శాశ్వత నివాసం వచ్చిందని ఈమధ్య అత్తగారు మాటల్లో అన్నారు. ఇప్పుడు నన్ను వెంటనే స్పాన్సర్ చేస్తానంటున్నారు. నాలుగు నెలల పరిచయమంటే ఫైలు తిరస్కరిస్తారని, రెండేళ్లుగా ఒకరికొకరు తెలుసని రాద్దామని, దానికి తగ్గ ఆధారాలు తానే తయారు చేస్తానని విశాఖపట్నం ఏజెంటు ఒకాయన చెబుతున్నారు. ఉద్యోగం మానేసి అత్తగారింట్లో ఉంటే ఫైలు ఇంకా గట్టిగా ఉంటుందట. పెళ్లైనా పుట్టింట్లోనే ఉందని బంధువులు అంటున్న మాటలకు నాన్న కుంగిపోతున్నారు. మావారిని పాత పెళ్లి గురించి అడిగితే అనుమానిస్తున్నానని అనుకుంటారేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఏజెంటు చెప్పిన ఆ రెండేళ్ల కథ మీద మాత్రం సంతకం పెట్టకండి. నాలుగు నెలల పరిచయాన్ని మీరొక తప్పులా రాశారు. అది తప్పు కాదు. దంపతులు పెళ్లికి ముందు ఇంతకాలం పరిచయస్తులై ఉండాలనే గడువు కెనడా చట్టంలో లేదు. కనీసం ఏడాది కలిసి ఉండాలన్న నియమం పెళ్లి చేసుకోకుండా సహజీవనం చేసేవారికి. పెళ్లయిన మీకు అది వర్తించదు.

అక్కడి అధికారి తేల్చుకునేవి రెండు. ఈ పెళ్లి నిజమైనదేనా? లేక ప్రధానంగా వలస హక్కు కోసం చేసుకున్నదా? వీటిలో ఏ ఒక్కదానిపై అనుమానం తీరకపోయినా కాదనవచ్చు. పెద్దలు కుదిర్చిన సంబంధాలు వాళ్లకు కొత్త కాదు. పెళ్లిచూపులకూ ముహూర్తానికీ మధ్య నెల తిరగని పెళ్లిళ్లు మన ఇళ్లలో ఎన్ని లేవు? వెబ్‌సైటులో మీరిద్దరూ మొదట మాట్లాడుకున్న తేదీ ఒకటై, దరఖాస్తులో పరిచయమైన తేదీ మరొకటైతే అప్పుడు వాళ్లు ఆగి చూస్తారు. ముఖ్యమైన విషయం దాచినట్టో, తప్పుగా చెప్పినట్టో తేలితే ఐదేళ్లపాటు కెనడాలో ప్రవేశానికి మీరు అనర్హులవుతారు. ఆ శిక్ష మీకు పడుతుంది, కథ అల్లిన ఏజెంటుకు కాదు. రుసుము తీసుకుని కెనడా వలస దరఖాస్తులు చూసే అధికారం అక్కడి న్యాయవాదులు, అక్కడి నియంత్రణ సంస్థ లైసెన్సు ఇచ్చిన కన్సల్టెంట్లు వంటివారికే ఉంటుంది. ఈయన లైసెన్సు సంఖ్య ఏమిటో అడగండి. జవాబు తిన్నగా రాకపోతే మీ పాస్‌పోర్టు నకలు కూడా ఆయన చేతికి ఇవ్వవద్దు.

నన్ను ఆలోచనలో పడేసింది మీ నాలుగు నెలలు కాదు, మీ అత్తగారు యథాలాపంగా అన్న ఆ మాట. భార్య లేదా భర్త స్పాన్సర్ చేయగా కెనడాలో శాశ్వత నివాసం పొందినవారు, అది వచ్చిన రోజు నుంచి ఐదేళ్లు నిండేదాకా మరో జీవిత భాగస్వామిని స్పాన్సర్ చేయకూడదు. ఈ నిబంధన 2012 మార్చి నుంచి అమల్లో ఉంది. ఈలోగా పౌరసత్వం వచ్చినా ఐదేళ్లు నిండాల్సిందే. మీ భర్తకు ఆ హక్కు మూడేళ్ల క్రితం వచ్చి ఉంటే, మీరెన్ని ఫోటోలు జతచేసినా ఇప్పుడు పెట్టే దరఖాస్తు నిలవదు. ఏడేళ్ల క్రితం వచ్చి ఉంటే ఈ అడ్డంకే లేదు. అంతా ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది. ఇంట్లో అందరూ మీ పరిచయం ఎంత చిన్నదా అని లెక్కపెడుతున్నారు గానీ ఆ తేదీ ఎవరూ అడిగినట్టు లేదు. పైగా స్పాన్సర్‌షిప్ మీద వెళ్లిన వ్యక్తి ఆ బంధం తెగాక మళ్లీ పెళ్లి చేసుకుంటే, అధికారి ఆ మొదటి పెళ్లి కథనూ చదువుతారు. ఆ కథ మీకు తెలియకుండా మీరు ఇంటర్వ్యూలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

రెండోది విడాకుల కాగితం. కెనడాలో మామూలుగా తీర్పు వచ్చిన ముప్ఫై ఒకటో రోజునుంచే విడాకులు అమల్లోకి వస్తాయి. ఆ తరువాతే కోర్టు విడాకుల ధ్రువపత్రం ఇస్తుంది. దాని మీద విడాకులు అమల్లోకి వచ్చినట్టు రాసిన తేదీ మీ ముహూర్తానికి ముందుదై ఉండాలి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి పెళ్లి చెల్లుబాటులో ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. ఆయన అబద్ధమాడుతున్నారని నేననడం లేదు. తీర్పు వచ్చిన రోజే అంతా అయిపోయిందనుకుని ముహూర్తం పెట్టుకున్నా, లోపం లోపమే.

ఎలా అడగాలన్నది మీ బెంగ. దరఖాస్తే మీకు అడిగే అవకాశం ఇస్తోంది. మీరిద్దరూ నింపాల్సిన ఫారాల్లో పాత పెళ్లిళ్ల వివరాలు రాయాలి. కాబట్టి ఇలా అనండి: "నా సంతకం ఉన్న కాగితంలో ఒక్క తేదీ కూడా తప్పు పోకూడదు. మీ విడాకుల ధ్రువపత్రం, శాశ్వత నివాసం వచ్చినప్పటి పత్రం పంపండి. నేను చూసి నింపుతాను." ఇందులో అనుమానమూ లేదు, నిష్ఠూరమూ లేదు. సజ్జనుడైతే ఆ రోజే పంపుతారు. పాత గాయం గనుక ఆ కబురు ఎత్తడం కష్టమనిపించి నాలుగు రోజులు ఆలస్యం చేసినా అర్థం చేసుకోవచ్చు. కోప్పడితే, "అవన్నీ నీకెందుకు" అంటే మాత్రం దరఖాస్తు పక్కన పెట్టి నాన్నగారికి చెప్పండి. విదేశాల్లో ఉన్న భర్తలతో ఇబ్బందులు పడే మహిళల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం ఉంది. అవసరమైతే అక్కడికి రాయవచ్చు.

ఆ ఫారాలు మరికొన్ని ప్రశ్నలు కూడా అడుగుతాయి. ఎలా పరిచయమయ్యారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఒకరి కుటుంబం మరొకరికి ఎంత తెలుసు అని. వాటిని అధికారి కోసం బట్టీపట్టకండి. మీ కోసం మాట్లాడుకోండి. ఆయన జీతంలో అప్పులకు ఎంత పోతుంది? మొదటి పెళ్లి ఎందుకు చెడింది, అందులో తన వంతు ఎంత ఉందనుకుంటున్నారు? మీరు అక్కడ మళ్లీ పాఠాలు చెప్పాలనుకుంటే, అందుకు కావలసిన చదువు కొత్తగా చదవడానికి ఒప్పుకుంటారా? దరఖాస్తు నెలల తరబడి సాగుతుంది. ఆ కాలాన్ని పరిచయం పెంచుకోవడానికి వాడుకోండి. వీలైతే ఆయన్ను మరోసారి రమ్మనండి. రెండో రాకలో పెళ్లి హడావిడి ఉండదు, మనిషి తెలుస్తారు. ఆ రాకపోకలే అధికారికి మంచి సాక్ష్యం కూడా.

ఉద్యోగం మానవద్దు. అత్తగారింట్లో ఉండడం చట్టం అడిగిన షరతు కాదు. పండక్కి వెళ్లండి, సెలవుల్లో నాలుగు రోజులుండి రండి, అది మంచిదే. కానీ మీకు శాశ్వత నివాసం వచ్చేలోపు ఆయన ఎప్పుడైనా స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకోవచ్చు. అప్పటిదాకా జీతమూ, బంగారమూ మీ పేరుతో మీ దగ్గరే ఉండాలి. ఒకసారి నివాసం వచ్చాక పరిస్థితి వేరు. రెండేళ్లు కలిసి ఉంటేనే హక్కు నిలుస్తుందన్న పాత షరతును 2017 ఏప్రిల్‌లో తీసేశారు. అక్కడ ఆయన చేయి చేసుకుంటే, ఇల్లు వదిలి బయటకు వచ్చినంత మాత్రాన మీ హక్కు పోదు. మీ కనీస అవసరాలు తీరుస్తానని ఆయన ఇచ్చే హామీ కూడా మూడేళ్లపాటు కట్టి ఉంచుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. పెళ్లి రిజిస్టరు చేయించుకోకపోతే వెంటనే చేయించండి. ధ్రువపత్రం ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. మీ తెలుగు శుభలేఖకూ, ఫోనులో రాసుకున్న కబుర్లలో ఎంచి పెట్టినవాటికీ అంతే. మన తెలుగు పేర్లు ఒడిశా రికార్డుల్లో మారిపోతుంటాయి. విజయ కాస్తా బిజయ అవుతుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉంటుంది. పాస్‌పోర్టులో, పదో తరగతి ధ్రువపత్రంలో, పెళ్లి పత్రంలో మీ పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ఫోటోల్లో అలంకరణ కంటే ఇరువైపుల బంధువులు కనిపించడం ముఖ్యం. ఒకవేళ తిరస్కరించినా, మీ భర్త ముప్ఫై రోజుల్లో అక్కడి వలస అప్పీళ్ల విభాగానికి వెళ్లవచ్చు. నిజం రాసినవారికి అక్కడ చెప్పుకోవడానికి మాట ఉంటుంది.

నాన్నగారితో ఈరోజే కూర్చోండి. బంధువులు ఎవరైనా అడిగితే "కాగితాలు సరిచూసుకుంటున్నాం" అని చెప్పమనండి. అందులో దాచాల్సింది ఏమీ లేదు. ఆ రెండు పత్రాలూ చేతికి అందాక వాటి మీది తేదీలు నాకు రాయండి. దరఖాస్తు ఇప్పుడే పెట్టాలో, ఆగాలో అప్పుడు నిర్ణయించుకుందాం.